ముదురు రంగు పలక

ఇంటి గోడలకు బయట బిగించే ఫైబర్ సిమెంటు పలకలు అమ్ముతాడాయన. కొట్టు ముందు పడమటెండలో రెండు పలకలు ఆనించి ఉంచుతాడు: ఒకటి లేత గోధుమ, ఒకటి ముదురు బూడిద. ముదురుదే దర్జాగా ఉంటుందని ఏ మొగుడన్నా పట్టుబడితే, "మాటలెందుకు, చెయ్యి పెట్టి చూడండి" అంటాడు. మొగుడికి చురుక్కుమంటుంది, పెళ్లాం నవ్వుతుంది, లేతది అమ్ముడవుతుంది. ఇవాళ ఒకావిడ అలాగే నవ్వి, "మరి మీ ఇంటికేది వేయించారు బాబాయిగారూ?" అంది. "నాకేదైనా ఒకటేనమ్మా, ఇల్లు వేడెక్కిందని సణిగేవాళ్లు ఇప్పుడెవరున్నారు?" అని తనూ నవ్వేశాడు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. పొద్దు వాలాక పలకలు లోపల పెట్టబోయాడు. లేతది అప్పటికే చల్లబడింది. ముదురుది ఇంకా గోరువెచ్చగా ఉంది. దానిమీద అరచెయ్యి ఆనించి, పూర్తిగా చల్లారేదాకా తియ్యలేదు.