డివిడెండు తప్పని ఏడాది

కాగితం మిల్లులో అందరూ అతన్ని డివిడెండు అనే పిలిచేవారు. అతని పని కటింగ్ మిషన్ మీద. పెద్ద చుట్టలుగా వచ్చే కాగితాన్ని షీట్లుగా కోసే మిషన్ అది. ఎప్పుడో కంపెనీ షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు కార్మికులకూ కొన్ని ఇచ్చింది. తక్కినవాళ్లు స్కూటరుకో, పెళ్లి ఖర్చుకో వాటిని అమ్ముకున్నారు. అతను ఉంచుకున్నాడు. ఏ ఏడాది లాభంలోంచి షేరుకు ఎంత డివిడెండు ఇచ్చారో, బాయిలరు చెడి మిల్లు మూతపడిన ఏడాది కూడా ఎలా ఇచ్చారో, అడగనివాడికి కూడా వినిపించేవాడు.

"జీతం పని చేస్తే ఇస్తారు. ఇది ఓనర్ని కాబట్టి ఇస్తారు" అనేవాడు.

"ఓనరుగారూ, ఆ గ్యాస్ బండ కాస్త లోపల పెట్టండి" అనేది భార్య.

అతని చెల్లెలు కూడా ఆ మిల్లులోనే, ఫినిషింగ్ గదిలో పని చేసేది. అన్న కోసిన షీట్లను ఒక్కొక్కటే తిరగేసి, మరకలున్నవీ చిరిగినవీ ఏరి పారేయడం అక్కడి ఆడవాళ్ల పని. ఆ పనిలో ఆమెను పెట్టించింది అతనే. ఆమె భర్త నడుం దెబ్బతిని మంచాన పడ్డాక, ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది.

ఆ ఏడాది కంపెనీకి లాభం రాలేదు. అయినా వెనకటి నిల్వల్లోంచి తీసి డివిడెండు ఇద్దామని యాజమాన్యం వాటాదారుల సమావేశంలో ప్రతిపాదించింది. ఒక పెద్దాయన లేచి, లాభమే లేనప్పుడు పంచడం దేనికి, ఆ డబ్బు మిల్లులోనే ఉంచండి అన్నాడు. చాలామంది తలలూపారు. అప్పుడు వెనక వరసలోంచి అతను లేచాడు. మైకు పట్టుకోవడం అతనికి అదే మొదలు.

"నేను మన మిల్లులోనే పని చేస్తానండి. ఇన్నేళ్లలో మన కంపెనీ ఒక్కసారి కూడా డివిడెండు ఎగ్గొట్టలేదు. అది మన పరువండి. ఎక్కడో ఓచోట ఖర్చు తగ్గించుకునైనా ఇవ్వాలండి."

హాలంతా చప్పట్లు కొట్టారు. "కార్మికుడే అడుగుతుంటే కాదంటామా?" అన్నాడు చైర్మన్ నవ్వుతూ. ప్రతిపాదన నెగ్గింది. ఇంటికొచ్చి అతను ఆ చప్పట్ల సంగతి భార్యకు చెప్పి, మళ్లీ చెప్పాడు.

డబ్బు బ్యాంకులో పడిన కొద్దిరోజులకే ఫినిషింగ్ గది మూసేశారు. యూనియన్ వాళ్లు నిలదీస్తే, ఖర్చు తగ్గించమని మీవాడే అడిగాడుగా అన్నాడు మేనేజరు.

సాయంత్రం చెల్లెలు అన్న ఇంటికి వచ్చింది.

"నువ్వే అడిగావట కదా అన్నయ్యా."

"మీ గది మూస్తారని నాకేం తెలుసే?"

"మరి ఎవర్ని తీసేస్తారనుకున్నావు?"

మైకు పట్టుకున్నప్పుడు లారీలకు కాగితం కట్టలు ఎక్కించే కాంట్రాక్టు కూలీలు అతని మనసులో మెదిలారు. పోతే వాళ్లు పోతారులే అనుకున్నాడు. అనుకునే అడిగాడు. ఆ మాట చెల్లెలి ముందు ఎలా అనగలడు? లోపలికెళ్లి డివిడెండు డబ్బు తెచ్చి ఆమె చేతిలో పెట్టబోయాడు.

"వద్దు అన్నయ్యా. అది మీ వాటాదారులది" అంది ఆమె. గొంతులో కోపం లేదు. వదిన ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయింది.

మరుసటి ఏడాది సమావేశంలో అతను మళ్లీ లేచాడు. ఈసారి డివిడెండు ఆపి, ఆ గది తెరవమని అడిగాడు. "అది మన పరువని మీరే అన్నారు కదండీ" అన్నాడు చైర్మన్. జనం నవ్వారు. అతను కూర్చున్నాడు.

షేర్లు అమ్మేద్దామని చాలాసార్లు అనుకున్నాడు. అమ్మలేదు. ధర ఇంకాస్త పెరగనీ అని ఆగిన ప్రతిసారీ తనమీద తనకే అసహ్యం వేసేది.

చెల్లెలికి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని దొరికింది, తక్కువ జీతానికి. సెలవురోజున అన్న ఇంటికి వచ్చేది, ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడేది. నాలుగు తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేదేమో. ఆమెను చూడగానే అతను గభాలున లేచి కుర్చీ ఇచ్చేవాడు.

"కూర్చో అన్నయ్యా, నేనేమన్నా చుట్టాన్నా?" అనేది ఆమె.

అతను గుమ్మం పక్కన నిలబడే ఉండేవాడు.