గ్యాస్ వచ్చింది, బయటికి రండి

జగదల్‌పూర్ శివారులో ఒక బస్తీని కాపాడబోయి, నా ఉద్యోగాన్నే ప్రమాదంలోకి తోసుకున్న వైనం ఇది. ఇప్పుడైతే నవ్వుతున్నాను గానీ, ఆ రోజు నా ముఖం ఆవిరి మీద ఉడికిన కుడుములా ఉందట.

అప్పుడు నేను కొత్తగా చేరిన ఫ్యాక్టరీ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్‌ని. కుదురుగా కూర్చుంటే జీతం కోస్తారన్నట్టు తిరిగేవాణ్ణి. ప్రమాదకరమైన సరుకు నిల్వచేసే చోట్లను తనిఖీ చేయడం మా పని. చింతపండు దాచే కోల్డ్ స్టోరేజీలు కూడా ఆ లెక్కలోవే. చింతపండు పాపం అమాయకురాలే. దాన్ని చల్లబరిచే అమోనియా మాత్రం పైపు దాటి బయటపడితే కళ్లనీ ఊపిరినీ వదలదు. చింత చచ్చినా పులుపు చావదంటారు. ఇక్కడ చింత చల్లబడ్డా నాకు చెమట ఆగేది కాదు.

అందుకని ఒక కోల్డ్ స్టోరేజీలో మాక్ డ్రిల్ పెట్టాను. అమోనియా లీకైనట్టు నటించి, తెలుగువాళ్లూ హిందీవాళ్లూ కలిసి ఉండే పక్క బస్తీ జనాన్ని స్కూలు మైదానానికి చేర్చాలి. చూడటానికి రాయపూర్ నుంచి మా పెద్దసారు వచ్చారు. నన్ను పర్మనెంట్ చేసే సంతకం ఆయనదే.

పొద్దున్నుంచి నాకు కాలు నిలవలేదు. గేటుకీ మైదానానికీ మధ్య తిరుగుతుంటే స్టోరేజీ మేనేజరు ఆపాడు.

"కూర్చోండి సార్. మిమ్మల్ని చూస్తే నిజంగానే లీకైందేమోనని నాకే అనుమానంగా ఉంది."

"మైకులో ఏం చెప్పాలో వినండి. అమోనియా వాయువు వెలువడుచున్నది..."

"ఆ మాట ఎవరికి తెలుస్తుంది సార్? గ్యాస్ అనండి చాలు."

అమృతం లాంటి సలహా అనుకున్నాను. సైరన్ మోగగానే ఆటో ఎక్కి, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి గొంతు చించుకున్నాను. "గ్యాస్ వచ్చేసింది. అందరూ వెంటనే స్కూలు మైదానానికి రండి. ఆలస్యం చేస్తే మీకే నష్టం."

చూడాలి మీరు ఆ జనాన్ని. పొయ్యి మీద కూర వదిలేసి, గడ్డం సగం గీసుకుని, ఒకటే పరుగు. నా గుండె బూరెలా పొంగింది. పెద్దసారు గడియారం చూసుకుని, "శభాష్. ఇంత తొందరగా ఖాళీ అయిన బస్తీని నేనెక్కడా చూడలేదు" అన్నారు.

అప్పుడు గమనించాను. ఎవరి భుజం మీద చూసినా ఎర్ర సిలిండరే.

"సిలిండర్లెందుకు?" అని అడిగారాయన.

నా నాలుక నన్నడగకుండానే పనిలోకి దిగింది. "అంటుకునే వస్తువులు ఇంట్లో ఉంచకూడదని నేర్పాం సార్."

"అద్భుతం. ఇది అన్ని జిల్లాల్లో నేర్పాలి."

ఇంతలో ఒక ముసలమ్మ ఖాళీ సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చి, గ్యాస్ బుక్కు ఆయన చేతిలో పెట్టింది. "ఏంది సారూ, అట్ల జూస్తవు? బండి రాక నెలైతాంది. కట్టెల పొగకు కండ్లు పోతున్నయ్. నాది ముందు రాసుకో."

పెద్దసారుకు తెలుగు రాదు. "ఏమంటోంది?"

"మనకు దండాలు చెబుతోంది సార్."

ఆమె వెనక సిలిండర్‌తో నిలబడ్డాయన అదే మాట శుద్ధమైన హిందీలో పెద్దసారునే అడిగాడు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మైకు అందుకుని, "గ్యాస్ రాలేదు, ఇళ్లకు వెళ్లండి" అన్నాను.

"రేపొస్తదా?" అంది ముసలమ్మ.

"రేపూ రాదమ్మా."

"మరి మమ్ముల ఎందుకు ఉరికిచ్చినవ్? వచ్చినాంకనే పోత" అని సిలిండర్ మీద కూర్చుంది. ఆమెను చూసి అందరూ కూర్చున్నారు.

పెద్దసారు కుర్చీ నీడలోకి వేయించుకున్నారు. "ఖాళీ చేయించడం నీకు బాగా వచ్చు. ఇప్పుడు తిరిగి పంపించు. అది చూశాకే సంతకం."

గ్యాస్ ఏజెన్సీకి పరిగెత్తాను. బతిమాలాను, నా శాఖ పేరు చెప్పి బెదిరించాను, చివరికి కాళ్లు పట్టుకోవడానికి వంగాను. పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. మైదానం ఖాళీ అయింది. పెద్దసారు సంతకం పెట్టారు.

ముసలమ్మ పోతూ పోతూ నా తల నిమిరింది. "నీ డూటీ మంచిగ జేస్తవు బిడ్డా. మళ్ల డిల్లు ఎప్పుడు పెడ్తవు?"

ఆ క్షణమే బస్తర్ మట్టి మీద ప్రమాణం చేశాను. విషం లీకైతే విషమనే అంటాను. అమోనియాను నోరు తిరగకపోయినా అమోనియా అనే అంటాను. ఇంట్లో వంట సగంలో ఆగిపోయినా సరే, గ్యాస్ అనే మాట మాత్రం ఈ జన్మలో గుమ్మం బయట పలకను.