వెనిలా వాసన పట్టిన పడుగు

మగ్గానికెక్కే పడుగు పోగులకు గంజి పెట్టే పొద్దున మా వీధి ఏ వాసన వేస్తుందో గుడియాత్తంలో పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. ఉడికిన మైదా వాసన, తడి నూలు వాసన, మధ్యలో పక్కింటి కాఫీ వాసన. ఆ రోజు మాత్రం మా వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా వెనిలా వాసన కొట్టింది. బడికి పోయే పిల్లలు సంచులు దించి, నిలబడి ముక్కులు ఎగబీల్చారు. ఆ వాసన తలుచుకుంటే వాళ్లకు ఇప్పటికీ నోరూరుతుందట. నాకు మాత్రం కడుపు మండుతుంది.

నేను చేసేది అమ్మకం. మా ఇంట్లో, మా వీధిలో నేసిన లుంగీలు, తువ్వాళ్లు మూట కట్టుకొని వేలూరు బస్సెక్కుతాను. పెద్దాసుపత్రి చుట్టూ ఉన్న లాడ్జీల్లో గది గదికీ తిరుగుతాను. రోగి వెంట వచ్చి నెలల తరబడి పడి ఉండేవాళ్లకు తువ్వాలు కావాలి, అంతకంటే ముందు కాసేపు మాట్లాడే మనిషి కావాలి. నేను రెండూ ఇస్తాను. ఈ లుంగీ కట్టుకున్న ఒకాయన పాలారు వరదలో పడితే, లుంగీలోకి గాలి దూరి బుడగలా ఉబ్బి, ఆయన్ను ఆంబూరు నుంచి వేలూరు దాకా తడవకుండా తెచ్చి దించిందని చెబుతాను. పాలారులో నీళ్లు చూసి ఎన్నాళ్లయిందని ఎవరూ అడగరు. లుంగీ కొంటారు. నేను తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నది కూడా ఆ గదుల్లోనే, చిత్తూరు వైపు వాళ్లు వదిలేసి పోయిన పేపర్లు పట్టుకొని. నా మాట సగానికి కోసి నమ్మాలని మా వీధిలో అంటారు. మా మామ, అంటే మా ఆయన తండ్రి, ఆ సగం కూడా నమ్మడు.

మా కూతురు పన్నెండో తరగతి, కామర్సు. కేకులు చేయడమంటే దానికి ప్రాణం. ఊరు మారిపోతున్న ఒక నర్సమ్మ దగ్గర కరెంటు పొయ్యి ఒకటి నేనే తీసుకొని, బస్సులో వొళ్లో పెట్టుకొని తెచ్చాను. మా ఇంట్లో రెండు మగ్గం గుంటలుండేవి. ఒక మగ్గం తీసేశాక ఖాళీగా ఉన్న గుంట మీద పలక పరిచి దాని మీద పొయ్యి పెట్టుకుంది. మగ్గమున్న ఇంట్లోకి గుడ్డు రాకూడదని మామ కట్టడి. అందుకని పెరుగుతో చేయడం నేర్చుకుంది. మొదట్లో చేసినవి మగ్గానికి బరువులుగా కట్టుకోవచ్చు. పోను పోను, వేలూరు బేకరీల అద్దాల వెనక ఉన్నవి కూడా వాటి ముందు దిగదుడుపే అయ్యాయి. ఇది అబద్ధం కాదు, తిన్నవాళ్లున్నారు.

తిన్నవాళ్లు. వాళ్ల మాట ఎత్తితేనే నాకు మండుతుంది. పక్కింటావిడ గిన్నె పట్టుకొని వచ్చేది. "ఏమ్మా, పరిచ్చ పెట్టుకోని ఆడబిడ్డ రొట్టెలు కాలుస్తా కూర్చుంటే ఎట్లమ్మా?" అంటూనే గిన్నె ముందుకు జరిపేది. "మా మనవడికి ఇంకొక తుంట పెట్టు. ఆ వోరగా ఉండేది గాదు, నడిమిది." మా మామ అయితే రోజూ సాయంత్రం టీలో ముంచుకొని తినేవాడు. తిని, మూతి తుడుచుకొని, "చదువు చెడగొడతాండాది ఈ పొయ్యి" అనేవాడు.

మొదటి రివిజన్ పరీక్షలో అకౌంట్స్ మార్కులు తగ్గాయి. తగ్గిన మాట నిజమే. బడిలో మా ఆయన్ని పిలిచి, పాప ఇంట్లో ఏం చేస్తుందని అడిగితే, ఆయన కేకుల సంగతి చెప్పి వచ్చాడు. టీచరమ్మ క్లాసులో అందరి ముందూ దాన్ని "కేకమ్మా" అని పిలిచిందట. ఆ సాయంత్రం ఇంట్లో తీర్పయింది. రెండో రివిజన్‌లో మార్కులు పెరగకపోతే పొయ్యి పాత సామాన్లవాడికి. తీర్పు చెప్పింది మామ. తలూపింది మా ఆయన. ఆయన అట్లాంటప్పుడు మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెను నోట్లో అడ్డం పెట్టుకున్నట్టే ఉంటాడు.

"సరి" అంది నా కూతురు. ఏడవలేదు, బతిమాలలేదు. ఒక ఆదివారం కూర్చొని మైదా, చక్కెర పొడి, పాల పొడి, సోడా పొడి, వెనిలా పొడి అన్నీ కొలిచి, జల్లించి, కలిపి పెద్ద బిస్కెట్ డబ్బా నిండా పోసుకుంది. పెద్ద పరీక్షలు అయ్యేదాకా సరిపోయేంత. ఇక ఎప్పుడు చెయ్యాలన్నా డబ్బాలోంచి ఇంత తీసి, పెరుగు, నూనె కలిపి పొయ్యిలో పెడితే చాలు. అది కాలేలోపు బ్యాలెన్స్ షీటు ఒకటి వేసేది. షీటు కుదిరితేనే పొయ్యి తలుపు తెరిచేది. కుదరక మాడిపోయిన కేకులు కూడా ఉన్నాయి. మాడినవి కూడా మామే తిన్నాడు.

రెండో రివిజన్ అకౌంట్స్ పరీక్షకు ముందు రోజు అది. తెల్లవారుతూనే పాప ట్యూషన్‌కు పోయింది. వీధిలో గుంజలకు పడుగు కట్టి సాచాం. నేను దూరంగా ఆ కొసన కూర్చొని తెగిన పోగులు ముడేస్తున్నాను. మామ పెరట్లో గంజి కాచి, బొక్కెనతో తెచ్చి, కుంచెతో పూయడం మొదలుపెట్టాడు. గాలి నా వైపు తిరిగింది. వెనిలా.

లేచి పరుగెత్తాను.

"మామా, ఏంది ఈ వాసన?"

"మైదా. పాప డబ్బాలోది. మనది పురుగు పట్టిపాయ."

"అయ్యో, దాంట్లో చక్కెర ఉండాది మామా! పాల పొడి గూడా. పడుగుకు పుయ్యొద్దు!"

ఆయన కుంచె ఆపలేదు. "చక్కెరా? లుంగీ కట్టుకోని ఒగడు పాలార్లో తేలినాడంటివే, అది మాదిరేనా ఇది?"

అటు వైపు కుంచె లాగుతున్న వీధివాళ్లు ఇద్దరూ పగలబడి నవ్వారు.

"నమ్మకపోతే నాకి చూడు."

"నాకేదానికి నేనేమన్నా దూడనా? పోమ్మా, పో. గంజి ఎట్ల పొంగిందో చూసినావా? ఇట్లాంటి మైదా నా వయసులో చూడలా. దీన్ని పెట్టుకోని ఆ బిడ్డ రొట్టెలు కాలుస్తా ఉండాది."

పొంగింది సోడా పొడికి. చెప్పి ఏం లాభం? కోపం బాగా వచ్చినప్పుడు నేను అరవను. "సరే మామా" అన్నాను. "బాగా పుయ్యి. ఇంకొకసారి లాగు కుంచె, నిగ్గు వస్తుంది." ఆయన లాగాడు. పడుగు ఎండి, తీగలా నిలబడింది. వీధిలో పోయేవాళ్లందరినీ పిలిచి మరీ చూపించాడు.

పాప ట్యూషన్ నుంచి వస్తూ వీధి మొదట్లోనే అడిగింది. "అమ్మా, ఎవురింట్లోమ్మా కేకు?"

పెరటి గోడ మీద కడిగి బోర్లించిన డబ్బాను తనే చూసుకుంది. మామ దగ్గరికి పోయి నిలబడింది.

"అడగొచ్చు గదా తాతా."

"నా ఇంట్లో మైదాకు నిన్ను అడగాల్నా? పరిచ్చలయ్యేదాకా దాంతో నీకేం పని?"

పాప లోపలికి పోయి అకౌంట్స్ పుస్తకం తెరుచుకుంది. అంతే. అడగొచ్చు గదా అన్న ఆ ఒక్క మాట రోజంతా నా చెవిలో కందిరీగలా తిరిగింది. ముసలాయన మగ్గం మీద నాడె ఎవరైనా అడగకుండా అంగుళం జరిపితే ఇల్లు పీకి పందిరేస్తాడు. అదే ఇంట్లో ఒక ఆడపిల్ల కూర్చొని కొలిచి పెట్టుకున్నదానికి అడిగే పని లేదు.

మధ్యాహ్నం చీమలు వచ్చాయి. పక్కనున్న అణైకట్ ఊరి చీమలు కూడా పిల్లాపాపలతో బస్సు దిగాయని నేను లాడ్జీల్లో చెబుతుంటాను. అది కాస్త పెంచిన మాటే. నిజానికి మా ఇంటి చీమలే చాలు. కర్రకు చుట్టి గోడకు ఆనించిన పడుగు ఎర్రగా కదులుతోంది. మామ విప్పి చూస్తే పోగులన్నీ బంకగా అతుక్కొని తాళ్లయ్యాయి. నూలు మాకు నేత పని ఇచ్చే ముదలాళిది. పాడైతే మాట పడేది మేము.

"పాపా! ఏయ్ పాపా! ఈడికి రా!" ఇల్లదిరేలా అరిచాడు మామ. "మైదాలో చక్కెర కలిపి పెట్టేది యాడన్నా ఉండాదా? చూడు నువ్వు చేసిన పని!"

మా ఆయన అప్పుడు నోట్లోంచి నాడె తీశాడు. ఏమన్నాడంటే, "పొద్దు మునిగేలోపల పడుగు కడగల్ల. శీఘ్రం రా పాపా, తాతకు ఒక చెయ్యి పట్టు."

పొద్దు పొడిస్తే పరీక్ష. నా కూతురు పుస్తకం మూసి, చేతుల గాజులు పైకి తోసుకుంటూ బయటికి వచ్చింది. చీమలు పాకే పడుగు ముందు తల వంచుకొని నిలబడిన దాన్ని చూశాక, పొద్దుటి నుంచి నవ్వుతో మూసి పెట్టిన నా నోరు తెరుచుకుంది.

"పాపా, లోపలికి పో. పడుగు ముట్టినావంటే నామీద ఒట్టు. ఏమయ్యా, పరిచ్చ పరిచ్చ అని బిడ్డ గొంతు మీద కూర్చుంటిరే, ఈ పొద్దు ఆ పరిచ్చ యాడికి పాయ? కేకు చేస్తే చదువు చెడతాది, మీ పడుగు కడిగితే చెడదా? మామా, ఆ చక్కెర ఎవురు పూసినారో ఆయనే కడగాల. నేను చెప్తిని, నువ్వు నవ్వితివి. ఈ వీధంతా నవ్వె. పిలువు, ఆ నవ్వినోళ్లను గూడా పిలువు!"

ఎదురింటి అరుగు మీద ఉన్నవాళ్లు లేచి లోపలికి పోయారు.

"ఆ పొయ్యిని ఈ పొద్దే పాత సామాన్లోనికి ఏస్తా!" అన్నాడు మామ.

గడపలోంచి పాప అంది. "ఎయ్యి తాతా. నాకొద్దు."

చేతిలో బొక్కెన ఉంటే విసిరేసేదాన్ని. ఎవరి మీదని అడగొద్దు. మామ, మా ఆయన ఇద్దరూ చీకటి పడేదాకా పడుగు కడిగారు. మరుసటి పొద్దున నేను పొయ్యిని దుప్పట్లో మూట కట్టి, వేలూరు తీసుకుపోయి, తెలిసిన లాడ్జిలో మెట్ల కింద దాచి వచ్చాను. లాడ్జిలో ఉందని మాత్రం ఇంట్లో చెప్పాను.

రెండో రివిజన్‌లో అకౌంట్స్ మార్కులు బాగా పెరిగాయి. అసలు మంట అప్పుడు మొదలైంది.

"చూసినావా?" అన్నాడు మామ. "పొయ్యి పాయ, మార్కు వచ్చె." పక్కింటావిడ అదే అంది. బడిలో అదే అన్నారు. మా ఆయన కూడా తలూపాడు. ఏమని ఎదురు చెప్పను? పొయ్యి పోయింది, మార్కులు వచ్చాయి, రెండూ నిజమే. అబద్ధాన్ని ఎట్లా కొట్టాలో నాకు తెలుసు, దానికంటే పెద్దది చెబితే సరి. ఇలా సగం నిజాన్ని మెడలో వేసుకొని తిరిగేవాళ్లను ఏం చెయ్యాలో తెలియదు. పాపనే అడిగాను, ఎట్లా రాసినావని.

"కోపంతో రాసినానమ్మా. ప్రతి లెక్కా తాత మొగం మాదిరే అగపడె. ఒగొగటీ కొట్టి పారేస్తిని."

పెద్ద పరీక్షలు కూడా అట్లాగే రాసింది. అయిపోయిన సాయంత్రం మామ టీ గ్లాసు పట్టుకొని, ఎంతకీ తాగకుండా కూర్చున్నాడు. ముంచుకోవడానికి ఏమీ లేదు.

"పరిచ్చలు అయిపాయ గదా. పాప ఇంక కేకు చెయ్యొచ్చు" అన్నాడు ఎటో చూస్తూ. "మీ అమ్మను పొయ్యి తెమ్మను."

"అమ్మెందుకు తేవాల?" అంది పాప. "పారేస్తానంటివి నువ్వు. నువ్వే పోయి తే. బస్సులో వొళ్లో పెట్టుకోని తేవాల. డబ్బా గూడా నువ్వే నింపాల. అంతదాకా నేను మైదా ముట్టను."

మామ బిగుసుకుపోయాడు. పాప కూడా. టీలోకి కొట్టు నుంచి రస్కులు తెప్పించుకున్నాడు, కొరికి పక్కన పెట్టాడు. పక్కింటావిడ గిన్నె పట్టుకొని వచ్చి, "పాపం, ముసలోడు" అంది. పాపం అనాల్సింది ఎవరినో లెక్క తేల్చమని ఆమెను గడప దాటించాను.

ఎండలు ముదిరాక ఒక పొద్దున మామ చొక్కా వేసుకొని, భుజాన తువ్వాలు, చేతిలో గొడుగుతో నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. చక్కెర మాట నిజమైన రోజు నుంచి ఆయన నా మాటలన్నీ నమ్మడం మొదలుపెట్టాడు. ఒక్కసారి నిజం చెప్పినందుకు నాకు దొరికిన ఫలం అది.

"ఆ లాడ్జి యాడ ఉండాదమ్మా?" అన్నాడు.

లాడ్జి ఆసుపత్రి గేటుకు ఎదురుగానే ఉంది. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు.

"ఆసుపత్రి కాడ కాదు మామా" అన్నాను. "తొరపాడి బస్సెక్కు. ఆడ దిగి, ఎండ దిక్కుకు నేరుగా నడువు. ఎవుర్నడిగినా చెప్తారు. వాళ్లు లేదంటే మళ్లా ఆసుపత్రి కాడికి రా. ఆ గొడుగు ఎందుకు? పొయ్యి పట్టుకోవాల గదా, చేతులు చాలవు." గొడుగు ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

నమ్మాడు. పోయాడు.

పాప గడపలోకి వచ్చి వీధి వైపు చూసింది. "అమ్మా, తాత పొయ్యి తేనే పోయినాడా?"

"తేనే."

అది వంటింట్లోకి పోయి పాలు కాచడానికి పెట్టింది. సాయంత్రానికి కేకులోకి పెరుగు తోడుకోవాలి కదా.