ఇసకలో కలిసిపోయిన మచ్చలు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి అందరం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, మా అక్క సంచిలోంచి ఫ్రేము కట్టిన బావ ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. బావ పోయి వచ్చే నెలకు ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో పెట్టాల్సిన ఆ ఫోటో ఎప్పుడో నేను తీసిందే. ఆయన మొహం మీది మచ్చలు మళ్ళీ పెట్టి ఇమ్మంది. మచ్చలు తీసేయమని అడిగేవాళ్ళనే ముప్ఫై ఏళ్ళుగా చూసిన నాకు, పెట్టమని అడిగిన మనిషి మా అక్క ఒక్కతే.

గూడూరులో స్టూడియో పెట్టుకుని రీళ్ళతో బతికిన నేను, డిజిటల్ కెమెరా కొన్న రోజుల్లో, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కనబడిందల్లా తీసేవాణ్ణి. ఆ కాలంలో కెమెరా పట్టినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వెలుతురు కాస్త తగ్గితే చాలు, బొమ్మ నిండా రంగురంగుల చుక్కలు పడేవి. దాని పేరు నాయిస్ అన్నారుగానీ, సముద్రం దాపున పుట్టినవాళ్ళం కదా, మేం ఇసక అనేవాళ్ళం. కెమెరా చూసింది చూసినట్టు దాచే రా ఫైలులో ఆ ఇసక మరీ ఎక్కువ. కంప్యూటర్లో ఒక స్లైడర్ కుడికి జరిపితే పోయేది. దాన్ని చివరిదాకా జరపడమే మా స్టూడియోల పనితనం. మొహం వలిచిన కోడిగుడ్డులా రాకపోతే పెళ్ళివారు ఆల్బం ముట్టేవారు కాదు.

బావది కోట అనే ఊరి దగ్గర పల్లె, వరి సేద్యం. చిన్నతనంలో మశూచి సోకి మొహమంతా గుంటలు పడ్డాయి. ఆ సిగ్గుతో, నేను కెమెరా తీశానంటే గొడ్ల కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. పెళ్ళి ఫోటోలో కూడా తల వంచుకునే ఉన్నాడు. ఇక ఆధార్ కార్డు బొమ్మంటారా, దాంట్లో ఎవరి మొహం వాళ్ళకే గుర్తుపట్టరాదు. బామ్మర్దికి స్టూడియో ఉండి ఏం లాభమని ఊళ్ళోవాళ్ళు నన్ను ఆటపట్టించేవారు.

ఆయన నాకు దొరికింది ఒక్కసారే. వాళ్ళ కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన రోజు, పట్టపగలే ముసురుకు గదులు చీకటైపోయాయి, కరెంటు లేదు. అందరూ కళ్ళు మూసుకున్న వేళ ఫ్లాష్ వేయవద్దని పాస్టరుగారి మాట, అందుకని చీకట్లోనూ బొమ్మ పడేలా కెమెరాలో ఐఎస్ఓ ఎంత పెరిగితే అంత పెంచి పెట్టుకున్నాను. ఆమెన్ అనగానే బావ కళ్ళు తెరిచి, అక్కను చూసి నవ్వాడు. నొక్కేశాను. స్టూడియోకొచ్చి చూస్తే మొహం నిండా ఇసకే. అలవాటు చొప్పున స్లైడర్ చివరిదాకా జరిపాను, ఇసకతో పాటు మచ్చలూ పోయాయి. బావ ఎంత సంతోషించాడని! దాన్ని తనే ఫ్రేము కట్టించి గోడకు కొట్టుకున్నాడు. అక్క ఏమీ అనలేదు. అది మెప్పేననుకున్నాను, నా బుద్ధి అంతటిది.

అదృష్టం కొద్దీ పాత సీడీలో ఆ రా ఫైలు దొరికింది. రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. స్లైడర్ వెనక్కి తెస్తే మొహం మీద ఇసక పరుచుకుని మచ్చలు దాంట్లో కలిసిపోతాయి, ముందుకు తోస్తే రెండూ పోతాయి. ఏది ఇసకో ఏది చర్మమో తమకు తెలుసనే కొత్త సాఫ్ట్‌వేర్లకూ ఇచ్చి చూశాను, అవి ఎవరిదో చక్కటి మొహం చేసి ఇచ్చాయి. ఇక దారి లేక అక్కను పిలిపించి, తెర మీద బావను పెద్దగా పెట్టి, ఏవి మచ్చలో నువ్వు చూపిస్తే వాటిని వదిలి తక్కినవి తుడుస్తానన్నాను. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఎడమ బుగ్గ మీద వేలు పెట్టింది, తీసింది. ముక్కు పక్కన పెట్టింది, అదీ తీసేసింది.

"గుర్తు రావడం లేదు అబ్బయా. ఏడాదిగా నువ్విచ్చిన నున్నటి మొకాన్నే చూస్తా ఉండా. నాకూ అదే మిగిలిపోయింది" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. ఆ ఫ్రేమునే తుడిచి తిరిగిచ్చాను, కూడికలో అదే పెడతారు. ఈనాటి ఫోన్లయితే మనం చూడకముందే అన్నీ తుడిచేస్తున్నాయి, మచ్చ ఉండేదని చెప్పడానికైనా ఏమీ మిగలదు. మా అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె నుదుటి మీద ముడతలు ఎన్నో నేనిప్పటికీ చెప్పగలను. బావకు మాత్రం నేను ఫోటో తీసి ఇచ్చాను.