పేరు బలం

మా ఎకరన్నర మిరప చేను ఒక్క జోకుతో పోయింది. ఎనిమిదిలోనే బడి మానేసిన నాకు ఉన్న ఆస్తి రెండే: ఆ చేను, ఈ నోరు. రెండోది ఇంకా నా దగ్గరే ఉంది.

చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే రోడ్డు పక్కన నా చేను, దాన్ని ఆనుకుని మావాడి రెండెకరాలు. మావాడంటే ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చున్నవాడు. నేను జిన్నింగ్ మిల్లు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్నాను, వాడు మిరపకాయల వ్యాపారంలోకి పోయాడు. ఒక సాయంత్రం కొట్టు దగ్గర కూర్చుని, "ఒరేయ్, రెండు చేలూ కలిపి వెంచర్ వేద్దాం రా. ప్లాట్లు అమ్మి సగం సగం" అన్నాడు.

"నీది రెండు, నాది ఒకటిన్నర. సగం సగం ఎట్లారా?"

"నీ నోరు అరెకరం కింద కడతాలే. కొనేవాళ్లని నువ్వే తేవాలి."

లేఅవుట్ గీసే ఇంజనీరు, భూమంతా ఒకే పేరు మీద ఉంటే పని తేలిక అన్నాడు. ఎవరి పేరు మీద? తెలివైనవాళ్లు వకీలు దగ్గరికి పోతారు. మేం పంతులుగారి దగ్గరికి పోయాం, పేరు బలం చూపించుకోడానికి. మావైపు బోరు వేసినా, లారీ కొన్నా, ఎవరి పేరు కలిసొస్తుందో చూసుకునే చేస్తారు.

పంతులుగారు పంచాంగం తిప్పి, వేళ్ల మీద ఏదో లెక్కేసి, "ఇద్దరికీ బాగానే ఉంది. వీసమెత్తు మీకే ఎక్కువ" అని నావైపు చూశారు.

నేను ఊరుకోవచ్చుగా. "నా పేరు వద్దండీ. ఈ పేరుతో పరీక్ష రాస్తే పోయింది, బండి కొంటే పోయింది, ఓటరు లిస్టులో ఆడమనిషినై కూర్చున్నాను. వాడి పేరే కానివ్వండి" అన్నాను. పంతులుగారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఖాయమైపోయింది. ఆ వారమే రిజిస్ట్రారాఫీసులో చేను వాడికి అమ్మినట్టు సంతకం పెట్టాను. పైసా తీసుకోలేదు.

"మరి మీ ఇద్దరి మధ్య కాగితం ఏదండీ?" అని అడిగింది మా ఆవిడ.

"మన పెళ్లికి ఏం కాగితం ఉందే? పారిపోయావా?"

తను నవ్వలేదు. "తూర్పు మూల ప్లాటు మనకి ఉంచమనండి. ఇల్లు కట్టుకుందాం" అంది.

చేను చదును చేశారు, తెల్లరంగు రాళ్లు పాతారు, రోడ్డు మీదకి ఆర్చి లేచింది. తూర్పు మూల రాయి మీద బొగ్గుతో ఒక గీత పెట్టొచ్చాను.

ఆ మరుసటేడు మిరప ధర పడిపోయింది. మావాడి సరుకంతా కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయింది. చాన్నాళ్లకి ఒకరోజు కొట్టుకొచ్చాడు. టీ తాగి గ్లాసు తనే కడిగాడు. ఏనాడూ కడిగినవాడు కాదు.

"వెంచర్ మొత్తం అమ్మేశాన్రా, గుంటూరు వాళ్లకి. వ్యాపారం మునిగిపోతుంటే చేతిలో అదొక్కటే ఉంది."

"మొత్తమంటే?"

"మొత్తం."

"మూల ప్లాటో?"

వాడు కడిగిన గ్లాసే మళ్లీ కడిగాడు.

నాకు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాను. పాలు పొంగుతుంటే స్టవ్ తగ్గించాను. "ఇంకో టీ తాగుతావా?" అని కూడా అడిగాను. వద్దని వెళ్లిపోయాడు. ఆ పూట టీలో చక్కెర వెయ్యలేదని మిల్లు హమాలీ చెబితేగాని నాకు తెలియలేదు.

ఇంటికెళ్లి చెప్పాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ, "కాగితం" అంది.

గుంటూరు వాళ్లు నా నోరు గురించి విని పిలిపించారు. ఆదివారాలు వ్యాన్లో వచ్చేవాళ్లకి ప్లాట్లు చూపించాలి. పోతున్నాను. పాత జోకులే చెబుతున్నాను, బాగానే నవ్వుతున్నారు.

మొన్న అద్దంకి నుంచి ఒక మాస్టారు, వాళ్లావిడ వచ్చి తూర్పు మూల రాయి దగ్గర ఆగారు. బొగ్గు గీత ఎప్పుడో వానకి పోయింది.

"మా ఆవిడ పేరుకే బలం ఎక్కువటండి. తన పేరు మీదే తీసుకుంటాం" అన్నారు మాస్టారు. "నాదెందుకండీ, ఏది కొన్నా అచ్చిరాదు" అంటోంది ఆవిడ.

"ఇద్దరి పేర్లూ రాయించుకోండి" అన్నాను.

జోకనుకుని నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రానికి ఆ ప్లాటుకి అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు.