హయగ్రీవ చూపించిన ఒరిజినల్ బంగళా

హయగ్రీవకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ వస్తువు చూపించి అడిగినా రెప్ప వేయకుండా "ఒరిజినల్" అనేవాడు. గోడ ఒరిజినల్, గోడ మీది పగులు ఒరిజినల్, ఆ పగులులో కాపురమున్న బల్లి దొరల కాలం నాటి బల్లికి ముని మనవరాలు.

ఆ మాట చెవిన పడితే అలమేలు టీచరమ్మకు ఒళ్ళు మండేది. పిల్లలకు చరిత్ర చెప్పి చెప్పి రిటైరైన మనిషి. కోలారు గనుల్లో పాత ఇళ్ళ పరిరక్షణ సంఘం పెడితే దానికి కార్యదర్శి అయింది. గని టైం ఆఫీసులో గుమాస్తాగా చేసి, గని మూతపడ్డాక ఇంట్లో కూర్చున్న హయగ్రీవను పిలిచి గైడు పని ఇచ్చింది కూడా ఆమే. ఏటా ఒక ఆదివారం దాని ఫలితం అనుభవించేది.

ఆ ఆదివారం బెంగళూరు నుంచి బస్సుల్లో జనం దిగేవాళ్ళు. గనిలో బంగారం తీసినన్నాళ్ళూ, తీసేవాళ్ళు ఎట్లా బతుకుతున్నారో చూద్దామని ఒక్కరూ రాలేదు. ఇప్పుడు ఊళ్ళో సగంమంది చీకటితోనే రైలెక్కి బెంగళూరుకు కూలికి పోతుంటే, బెంగళూరు వాళ్ళు దొర ఏ తొట్టిలో స్నానం చేశాడో చూడటానికి ఇక్కడికి వస్తున్నారు. తలుచుకుంటే అలమేలుకు కడుపు రగిలేది. అయినా మిగిలిన నాలుగు గోడలైనా నిలబడాలని ఓర్చుకునేది. చూపించేది ఎంత తక్కువైనా, చెప్పేది నిజం చెప్పాలని ఆమె పట్టు.

హయగ్రీవతో అది కుదిరేది కాదు.

"ఈ కమోడ్ దొరలదేనా?" అని ఒక కళ్ళజోడాయన అడిగాడు.

"ఒరిజినల్ సార్."

"దీని మీద ఐఎస్ఐ గుర్తు ఉందే?"

"గుర్తు తర్వాత వేసినారు సార్. కమోడ్ ఒరిజినల్."

అలమేలు హయగ్రీవను పక్కకు లాగేది. "హయగ్రీవయ్యా, ఆ హాల్లో ఉండే కుర్చీ మా స్కూలుది. నేను కూర్చుని పాఠాలు చెప్పిన కుర్చీ."

"అట్లయితే ఇంగా మంచిది టీచరమ్మా. మీరూ ఒరిజినలే."

సంఘానికి అధ్యక్షుడు శ్రీకంఠయ్య. బంగారుపేటలో నగల కొట్టు. ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అన్నాళ్ళూ టూరులో చూపిస్తూ వచ్చిన ఉరిగాం బంగళాను సంఘం కింద తీసుకున్న ఏడాదే వాకిట్లో ఇత్తడి పలక కొట్టించాడు. "ఈ ఆవరణలో ప్రతిదీ ఒరిజినల్" అని చిన్న అక్షరాలతో, కింద తన పేరు పెద్ద అక్షరాలతో.

ఆ ఏడాది టూరులో శ్రీకంఠయ్య జనాన్ని తానే వెంటబెట్టుకుని బంగళా పెరట్లోకి నడిపించాడు. అక్కడొక రేకుల గుడిసె. అందులో సొన్నమ్మ ఉండేది. ఆమె మొగుడు చిన్నప్ప గనిలో బండ పేలి చనిపోయాడు. గనులు సర్కారు చేతికి వచ్చాక ఈ బంగళాలో కాపురమున్న ఆఫీసర్లందరికీ ఆమె కసువు ఊడ్చింది. ఆఫీసర్లు పోయారు, గని పోయింది, సొన్నమ్మ మిగిలింది.

"ఇదేమిటి?" అని ఒకావిడ ముక్కు చిట్లించింది.

శ్రీకంఠయ్య నొచ్చుకున్నాడు. "ఇది దొరల కాలంలో లేదమ్మా. సోమవారం జేసీబీ వస్తాది, తీసేస్తాము. మళ్ళీ ఏడాదికి ఇక్కడ రోజా తోట చూస్తారు."

గుమ్మంలో నిలబడ్డ సొన్నమ్మ ఆ మాట వింది. "నేను యాడికి పోవల్ల సామీ?" అంది.

"అది తర్వాత చూస్తాము లే."

"ఒరిజినల్" అని వెనక నుంచి వినపడింది.

జనం నవ్వారు. శ్రీకంఠయ్య నవ్వలేదు. "డ్రమ్ము రేకులు హయగ్రీవయ్యా ఇవి. దొరలు డ్రమ్ము రేకుల కింద పండుకున్నారా?"

"దొరల వంటవాడు పండుకున్నాడు సార్. ఇది ఒరిజినల్ కాదంటే, ఇంగ కమోడ్ కాడ నుంచి మళ్ళీ విచారించల్ల. మీ పేరుండే ఇత్తడి పలక కూడా విచారించల్ల."

కళ్ళజోడాయన వాకిలి వైపు తిరిగి చూశాడు. శ్రీకంఠయ్య అలమేలు వైపు తిరిగాడు. "టీచరమ్మా, మీరు అబద్ధమాడే మనిషి కాదు. మీరు చెప్పండి. మీ మాటే నా మాట."

అలమేలుకు తెలుసు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ క్వార్టర్సు ఈ పెరటి గోడకు అవతలే. బంగారం శుద్ధి చేసే సైనైడ్ వచ్చిన ఖాళీ డ్రమ్ములు కోసి, ఈ గుడిసె కోసం చిన్నప్ప రేకులు సుత్తితో సాపు చేస్తుంటే, ఆ వేసవంతా వాళ్ళ ఇంట్లో మధ్యాహ్నం ఎవరికీ నిద్ర లేదు. అప్పటికి దొరలు పోయి చాలా కాలమైంది.

ఆమె హయగ్రీవ వైపు చూసింది. ఆయన మొహంలో వేళాకోళం లేదు. దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "మొదటి టూరు గుర్తుండాదా టీచరమ్మా? ఈ గుడిసెను చూపించి ఎవరో అడిగినారు. దీన్ని కొట్టేస్తారేమోనని భయపడి ఒరిజినల్ అనేసినాను. ఒక్క అబద్ధం ఒంటిగా ఉంటే దొరికిపోతాది గదా. అందుకని దానికి తోడు చేసుకుంటా వచ్చినాను."

అలమేలుకు గుర్తొచ్చింది. అంతకు ముందు ఈయన నోట ఆ మాట వినలేదు. కమోడ్, కుర్చీ, బల్లి, అన్నీ ఈ గుడిసె చుట్టూ వేసిన కంచె. పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఆమె చెప్పినవన్నీ నిజాలే. ఆ నిజాలతో ఈ ఊళ్ళో ఒక్క గోడను నిలబెట్టలేకపోయింది. జనం వైపు తిరిగింది.

"ఒరిజినల్" అంది, క్లాసులో చెప్పినట్టు గట్టిగా. "దొర వంటవాడి గది. డ్రమ్ములు ఓడలో వచ్చినవి. మొత్తం గనుల్లో ఇట్లాంటిది ఇంకొకటి లేదు."

ముక్కు చిట్లించిన ఆవిడే ముందు ఫోను తీసింది. సొన్నమ్మను గుమ్మంలో నిలబెట్టి మరీ ఫొటోలు తీసుకున్నారు. సోమవారం జేసీబీ రాలేదు.

వానలు మాత్రం వచ్చాయి. "కారతా ఉండాదమ్మా" అని సొన్నమ్మ మొర పెట్టుకుంది. "కొత్త రేకు వేస్తామంటే, అధ్యక్షులు ఒరిజినల్‌ను ముట్టుకోకూడదు అంటా ఉండారు."

హయగ్రీవ రాబర్ట్‌సన్‌పేట పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగి తుప్పు పట్టిన డ్రమ్ము రేకు ఒకటి సంపాదించాడు. దానికి ఇంకాస్త మట్టి పూసి నిచ్చెన ఎక్కాడు. అలమేలు కింద నిచ్చెన పట్టుకుంది.

"ఎవరన్నా అడిగితే ఈ రేకు ఏమని చెప్పల్ల?"

"మీకు నేను నేర్పించల్లా టీచరమ్మా?"

ఇంకో మెట్టు ఎక్కేసరికి పైన కిర్రుమని చప్పుడైంది.

"చూసుకోండి హయగ్రీవయ్యా, రేకు విరుగుతా ఉండాది."

"రేకు కాదమ్మా, నా మోకాళ్ళు. ఈ ఆవరణ మొత్తంలో నిజంగా ఒరిజినల్ ఇవి రెండే."