చూపించే చేతికి టైము కట్టలేదు

పొద్దున్న నా చేతిలోంచి పళ్ళెం జారి ఇనుప పుల్లలన్నీ గచ్చు మీద గలగలమని పడ్డాయి. ఆ చప్పుడుకి సన్యాసిరావు గారు గుర్తొచ్చారు. ఆయన నాకు పని నేర్పిన మనిషి. వన్ టౌన్‌లో ఒక మానసిక వైద్యశాల మాది. దిగులు జబ్బుతో వచ్చేవాళ్ళ వేళ్ళు ఎంత నెమ్మదించాయో కొలవడం మా పని. చిల్లుల చెక్కలో ఒక్కో పుల్లా ఎలా గుచ్చాలో ముందు ఆయన చేసి చూపించేవారు. తర్వాత రోగి గుచ్చుతుంటే నేను స్టాప్‌వాచ్ నొక్కేదాన్ని. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. అయినా ఆయన నన్ను ఒక్కనాడూ కసురుకోలేదు.

ఒకసారి అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతన్ని భార్య తీసుకొచ్చింది. మూడో పుల్ల దగ్గరే అతను ఆగిపోయాడు.

“సూడండి బాబూ, ఇంటికాడా ఇంతే. వట్టి బద్దకం,” అందామె. నిజం చెప్పాలంటే నేనూ లోపల అదే అనుకుంటున్నాను.

సన్యాసిరావు గారు అతని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. “బద్దకం కాదమ్మా. ఈ బాబు సెయ్యాలనే అనుకుంతన్నాడు, సెయ్యే మాట ఇనడం నేదు. తిట్టకు.”

అతను బావురుమన్నాడు. నెమ్మదించిన చేతిని చూసి మనిషిని తూలనాడకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

కిందటేడు వానల్లో ఆయన చూపించడం ఆలస్యమవుతూ వచ్చింది. పుల్ల పట్టుకుని చిల్లు వంక చూస్తూ ఉండిపోయేవారు. బయట జనం పెరుగుతున్నారని నాకు చిరాకు.

“వయసైపోనాది మాస్టారూ. యారాడ ఒడ్డుకెల్లి సేపలు పట్టుకోండి,” అని వేళాకోళమాడాను.

ఆయన నవ్వలేదు. “అవునమ్మా. ఏటో, సెయ్యి రాడం నేదు,” అన్నారు.

చూపించేవాళ్ళకు టైము కట్టడం మా పద్ధతిలో లేదు. రోగి వంతు రాగానే వాచీ నొక్కాను. నెల తిరక్కుండానే ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆ వేళాకోళం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళితే ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఆర్నెల్లుగా ఆయన సొక్కా బొత్తాలు నానే పెట్టేదాన్నమ్మా. డాట్రుకి సూపిద్దారనుకున్నాను. మళ్ళీ, రోజూ ఎల్లేది అక్కడికే గదా, కొలిసే పిల్ల పక్కనే ఉన్నాది గదా అని ఊరుకున్నాను.”

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అలా అని ఉంటే ఏదో ఒక సంజాయిషీ చెప్పుకునేదాన్ని.